రోజుకో సైగ

పెంటయ్య మాటలు రాని మనిషని ఎవరైనా అంటే నమ్మకండి. కోకాపేటలో ఆ అద్దాల మేడ ఎదురుగా ఉన్న టీ బండి దగ్గర ఆయన నోరు విప్పాడంటే, పక్కనున్న డ్రైవర్లు చేతిలో టీ చల్లారిపోతున్నా వింటూనే ఉండేవాళ్ళు. ఔటర్ రింగు రోడ్డు మీద పోలీసులు ఎక్కడ కాపు కాస్తారో మొదలుకొని, ఇప్పుడు లిఫ్టులు ఎక్కి దిగుతున్న చోట తన చిన్నప్పుడు ఏ పంట పండేదో దాకా, అన్నీ ఆయన నాలుక మీదే ఉండేవి. అలాంటి మనిషి శేరిలింగంపల్లిలో తన ఇంటి గడప దాటి లోపలికి అడుగుపెట్టాడంటే చాలు, నోటికి తాళం పడేది. ఇంట్లో ఉన్నది ఒక్కగానొక్క కూతురు పింకీ. ఆ పిల్లకు పుట్టు చెవుడు.

భార్య రేఖ బతికున్నన్నాళ్ళూ ఈ లోటు ఎవరికీ తెలియలేదు. తల్లీకూతుళ్ళు చేతులతోనే కొట్లాడుకునేవాళ్ళు, చేతులతోనే ఊరి ముచ్చట్లన్నీ చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. పెంటయ్య మధ్యలో దూరి "ఏందట? ఏమంటుంది?" అని అడగడం, రేఖ చెప్పడం. ఏరు దాటడానికి పడవ ఉన్నవాడు ఈత ఎందుకు నేర్చుకుంటాడు? ఆయనా నేర్చుకోలేదు. కిందటేడు జ్వరమని దవాఖానలో చేరిన రేఖ మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ తర్వాత తండ్రికీ కూతురికీ మధ్య మిగిలిన భాష ఎంతని! చెయ్యి నోటి దగ్గర పెడితే తిను, చెంపకు ఆనిస్తే పడుకో, గుమ్మం వైపు చూపిస్తే పద పోదాం. పశువుల కొట్టంలో కూడా ఇంతకన్నా ఎక్కువ మాటలే నడుస్తాయి, దేవుడా!

ఫోన్లో రాసుకోవచ్చు కదా అంటారేమో. రాసుకునేవాళ్ళు. కానీ పెంటయ్య చదువు మూడో తరగతితో ఆగింది. అక్షరాలు కూడబలుక్కుని "కింద ఉన్న" అని కొట్టి పంపేలోపే ఆ పిల్ల కిందికి దిగి వచ్చేసేది. గొంతు రికార్డు చేసి పంపుదామా అంటే వినేదెవరు?

ఒక ఆదివారం పింకీ వంటింట్లో గోడవైపు తిరిగి ఏడుస్తుంటే ఆయన కంటపడింది. ఎందుకేడుస్తున్నవు బిడ్డా అని అడగాలి. ఎలా అడుగుతాడు? చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. ఆఖరికి చెయ్యి నోటి దగ్గర పెట్టి, తిను అని సైగ చేశాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని, కంచం పెట్టుకుని, తిన్నది. ఆ రోజు నుంచి పెంటయ్య గుండెలో ఒకటే ప్రశ్న ముల్లులా దిగబడిపోయింది. నా బిడ్డ సంతోషంగా ఉన్నదా? ఆ ఒక్క మాట అడిగి, జవాబు తెలుసుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవాడు.

విచిత్రం ఏమిటంటే, రోజంతా ఆ పిల్ల ఆయనకు చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉండేది. ఆ అద్దాల మేడలో, ఆయన కారు నడిపే కంపెనీలోనే పింకీకి ఉద్యోగం. బీకాం చదివి, ఇంటర్వ్యూకు వెళ్ళి, సొంతంగా తెచ్చుకున్నది. పొద్దున మిగతా ఉద్యోగులతోపాటు ఆయన కారులోనే వెనక సీట్లో కూర్చుని, ఫోను ఎదురుగా పెట్టుకుని, దూరాన ఉన్న స్నేహితులతో చేతులతో మాట్లాడేది. అద్దంలో పెంటయ్యకు ఆ వేళ్ళు కనిపించేవి. అబ్బ, ఏం వేగం! ఏమి చెబుతుందో, ఎందుకు నవ్వుతుందో. ఆ ఫోనంటే ఆయనకు ఒళ్ళు మంట. కన్నతండ్రితో లేని ముచ్చట ఆ అద్దం ముక్కతో ఏముంటుందని లోలోపలే ఉడికిపోయేవాడు.

అలాంటి రోజుల్లో ఒకనాడు, కంపెనీలో మనుషుల బాగోగులు చూసే సౌజన్య కారు దగ్గరికి వచ్చింది. అనంతపురం పిల్ల. మాటలో మొహమాటం ఉండదు.

"పెంటయ్యన్నా, నీ ఫోన్లో కొత్త గ్రూపు వచ్చిండాది, చూసినావా? ‘రోజుకో సైగ’ అని పెట్టినాము. పై ఆఫీసర్లు, సెక్యూరిటీ, క్యాంటీను, మీరు డ్రైవర్లు, అందురూ ఉండారు దాంట్లో. దినామూ ఒక చిన్న వీడియో వస్తాది. ఒక మాట సైగల్లో ఎట్లా చెప్పల్లో నేర్పిస్తారు. టీచరు ఎవురనుకున్నావు? మీ పాపే!"

"మా పింకీనా?" అన్నాడు పెంటయ్య. "అది నేర్పుడేంది మేడమ్, వినపడని పిల్ల?"

"అదేమన్నా, వినపడని వాళ్ళ భాష వినపడని వాళ్ళు కాక ఇంకెవురు నేర్పిస్తారు?" అని నవ్వుతూ వెళ్ళిపోయింది సౌజన్య.

కారులో కూర్చుని, తలుపు వేసుకుని, పెంటయ్య ఆ వీడియో తెరిచాడు. ఏం చెప్పమంటారు! తెర నిండా పింకీ ముఖం. ఆయన కళ్ళలోకి సూటిగా చూస్తున్నది. ఇంట్లో ఆ పిల్ల ఆయన ముఖంలోకి అంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. చూసినా ఏం చెప్పుకుంటారు గనుక? ఇక్కడ మాత్రం తొణకకుండా, బెణకకుండా, రెండు చేతులూ దగ్గరికి తెచ్చి నమస్కారం అని చూపించింది. మళ్ళీ నెమ్మదిగా చూపించింది. మీరూ చేయండి అన్నట్టు వేలు చూపి, ఆగి, ఎదురుచూసింది. పెంటయ్యకు ఒళ్ళు గగుర్పొడిచింది. కారులో ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని, తన కూతురికి నమస్కారం పెట్టాడు. తెరలో ఆ పిల్ల శభాష్ అన్నట్టు తల ఊపింది. అది రికార్డు చేసిన వీడియో అని ఆయనకూ తెలుసు. అయినా ఆ ఊపిన తల తనకోసమే ఊపిందనిపించింది.

మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు మన పెద్దలు. వాళ్ళు పెంటయ్యను చూడలేదు పాపం. ఆ రోజు నుంచి ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య ఆయనకు అదే పని. సిగ్నల్ దగ్గర కారాగితే స్టీరింగు మీద వేళ్ళు కదిలేవి. టీ బండి దగ్గర కబుర్లు తగ్గాయి. తోటి డ్రైవరు కిష్టయ్య ఊరుకుంటాడా?

"ఏందే పెంటన్నా, గాలిల జొన్నరొట్టెలు కొడుతున్నవా?"

"నీకెందుకురా? నీ టీ నువ్వు తాగు."

"తాగుతగనీ, అన్నీ ఎడమ చేత్తోనే చేస్తున్నవేందే? దేవునికి గూడ గట్లనే దండం పెడుతవా?"

నిజమే. తెరలో పింకీ కుడి చెయ్యి ఎత్తితే అది ఆయనకు ఎడమవైపు కనిపించేది. ఈయన అద్దంలో చూసినట్టు ఎడమ చెయ్యే ఎత్తేవాడు. పై అంతస్తులో టీలు అందించే సత్తెమ్మ, ఈ గ్రూపులో అందరికన్నా చురుకైన శిష్యురాలు, అప్పుడే అటు వచ్చి ఆ మాట విని ఫక్కున నవ్వింది. "ఎడమైతేంది, కుడైతేందిరా! పింకీకి సమజైతది. జర ఆయన్ని నేర్చుకోనీయిండ్రి" అని కిష్టయ్యను కసిరింది.

రోజులు గడుస్తున్నకొద్దీ మాటలు పెరిగాయి. టీ, అన్నం, ఆలస్యం, వాన. మీసం మెలేస్తే నాన్న. ముక్కుపుడక దగ్గర వేలు ఆనిస్తే అమ్మ. ఆ రోజు వీడియో పెంటయ్య ఒక్కసారే చూసి ఫోను బోర్లించేశాడు, రేఖ ముక్కుపుడక కళ్ళ ముందు మెరిసింది మరి. ఇంకోరోజు ప్రశ్న ఎలా అడగాలో చెప్పింది పింకీ. చేతులు అవే, మాట అదే, కనుబొమ్మలు పైకెత్తితే అదే ప్రశ్న అవుతుందట. ఔరా అనుకున్నాడు పెంటయ్య. ఇన్నేళ్ళుగా ఆ పిల్ల కనుబొమ్మలెత్తినప్పుడల్లా తనను ఏదో అడుగుతున్నదన్నమాట! ఆ తర్వాత కొన్నాళ్ళకు, అరచేయి గుండె మీద పెట్టి పైకి జరిపి, ముఖమంతా వెలిగేలా నవ్వి, సంతోషం అని చూపించింది.

అంతే. పెంటయ్యకు కావలసిన సామానంతా సమకూరింది.

కానీ ఎదురుగా నిలబడి అడిగే ధైర్యం లేదు. తప్పు చేస్తే? నవ్వితే? అందుకని వీడియో తీసి పంపాలని నిశ్చయించుకున్నాడు. ఒకనాడు సాయంత్రం ట్రిప్పుకు ముందు మేడ వెనక కారు నిలిపి, ఆఖరిసారి ‘సంతోషం’ పాఠం చూసుకుని, ఫోను స్టీరింగుకు ఆనించి మొదలుపెట్టాడు. అమ్మ లేదు. ఇల్లు, మాట లేదు. నాకు రాదు, నేర్చుకుంటున్నాను. నువ్వు, సంతోషం? కనుబొమ్మలు ఎంత పైకి పోతే అంత పైకి ఎత్తాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా ఆపలేదు. పంపేశాడు. హమ్మయ్య అనుకున్నాడు.

తీరా చూసుకుంటే ఏముంది! పాఠం చూసింది గ్రూపులో కదా. అక్కడి నుంచే కెమెరా నొక్కి, అక్కడికే పంపాడు. పింకీకి ఒక్కదానికే పోవాల్సింది కంపెనీ మొత్తానికీ పోయింది.

చెరిపేద్దామని దాని మీద వేలు పెట్టి నొక్కాడు. ఫోను ఇంగ్లీషులో రెండు దారులు చూపించింది. అందరి ఫోన్లలోంచీ తీసెయ్యాలా, నీ ఒక్కడి ఫోన్లోంచే తీసెయ్యాలా అని. కంగారులో ఏ అక్షరం ఏదో తెలియలేదు. వేలికి దొరికింది నొక్కాడు. వీడియో మాయమైంది. బతికిపోయానురా దేవుడా అని చెమట తుడుచుకున్నాడు. పిచ్చి మారాజు, మాయమైంది ఆయన ఫోన్లో ఒక్కదాన్లోనే. ఇక ఏమీ కానట్టే టీ బండి దగ్గరికి నడిచాడు.

అక్కడ కిష్టయ్య ఎదురొచ్చాడు. "అన్నా," అన్నాడు మెల్లగా, "నీ వీడియో చూసిన. అందరు చూస్తున్నరే."

"తీసేసిన గదరా!"

"నీ ఫోన్ల తీసేసుకున్నవేమో. మా అందరి ఫోన్లల్ల ఉన్నది."

పోయింది, అంతా పోయింది. పెద్ద పెద్ద ఆఫీసర్ల మధ్య తలెత్తుకుని తిరుగుతున్న పిల్ల. దాని ఇంటి గోస, తన ఏడుపు ముఖం, ఎడమచేతి సైగలు, అన్నీ బజారున పెట్టాడు. ఇక ఆ పిల్ల ఆ మేడలో ముఖం ఎలా చూపిస్తుంది? అసలు తనకైనా ముఖం చూపిస్తుందా? ఉన్న నాలుగు సైగలు కూడా మానేస్తుందేమో. అన్నం తిను అన్నా తల తిప్పుకుంటుందేమో. ఆయన బల్ల మీద కూలబడి తల పట్టుకున్నాడు.

అప్పుడు అందరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

కిష్టయ్య తన ఫోను చూసి, "పింకీ," అన్నాడు. "గ్రూపులనే జవాబు పెట్టింది."

"వద్దురా. నాకు చూపియ్యకు."

"చూడాలె అన్నా. నీకే పెట్టింది."

ఫోను ఆయన ముందు పెట్టి నొక్కాడు. పాఠాలప్పుడు నెమ్మదిగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పే పింకీ కాదు ఇది. వేళ్ళు మెరుపుల్లా కదులుతున్నాయి. ముఖంలో కోపం వస్తున్నది, పోతున్నది, నవ్వు వచ్చి ఆగి ఏడుపవుతున్నది. భుజాలు మాట్లాడుతున్నాయి. కళ్ళు మాట్లాడుతున్నాయి. పెంటయ్య నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. నా బిడ్డకు మాటలు రావనుకున్నానే! ఇంత మాటకారా ఇది? టీ బండి దగ్గర గొంతు చించుకునే తాను ఈ పిల్ల ముందు ఏపాటి? రేఖా, నువ్వు రోజూ చూసింది ఇదేనా అనుకున్నాడు. భయం ఎటు పోయిందో పోయింది. అంత గొప్పదాన్ని కన్నందుకు రేఖకు దండం పెట్టాలనిపించింది ఆయనకు.

కానీ ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏందట? ఏమంటుంది?" అన్నాడు అలవాటుగా. చెప్పడానికి రేఖ లేదు.

"ఆగు, మల్ల పెడుత," అన్నాడు కిష్టయ్య. "ఇగో, మీసం తిప్పింది. నాన్న అంటుంది."

టీ బండి చుట్టూ మనుషులు మూగారు. ఇద్దరు డ్రైవర్లు, గేటు దగ్గరి సెక్యూరిటీ, కప్పులు కడిగే చోటి నుంచి పరుగున వచ్చిన సత్తెమ్మ. ఒకరికి ఒక సైగ తెలుసు, ఇంకొకరికి ఇంకొకటి.

"ఇది ‘ఆలస్యం’ గదా?"

"గాదు, ‘ఎదురుచూసుడు’. మొన్న చెప్పింది, నువ్వు చూడలె," అన్నది సత్తెమ్మ. "ఎదురుచూసిన అంటుంది. చానా రోజులు. నాన్న అడుగుతడని."

ఎవరో వీడియో వెనక్కి తిప్పారు. ఎవరో తెర మీద నీడ పడకుండా చెయ్యి అడ్డం పెట్టారు. పెళ్ళిలో సూత్రం కట్టేటప్పుడు చూసినట్టు అందరూ ఊపిరి బిగబట్టి ఆ చిన్న తెరలోకి వంగారు.

"ఆఫీసు, సంతోషం," అన్నాడు సెక్యూరిటీ.

పెంటయ్య కళ్ళు మూసుకుని "అమ్మయ్య" అన్నాడు.

"ఉండు, ఇంకున్నది," అన్నది సత్తెమ్మ, ఆమె గొంతు తగ్గింది. "ఇల్లు... లేదు అంటుందే పెంటన్నా. ఇంట్ల సంతోషం లేదట. అమ్మ పోయింది. నువ్వు అన్నం పెడుతవు. తింటది. నువ్వు టీవీ చూస్తవు."

తర్వాత తెరలో పింకీ రెండు వేళ్ళు పక్కపక్కన నిలబెట్టింది. వాటిని మెల్లగా చెరో వైపుకు జరిపింది. ఎంత దూరం చేతులు చాస్తే అంత దూరం. అది ఏ పాఠంలోనూ రాలేదు. అయినా ఎవరూ ఎవరినీ ఏమిటని అడగలేదు.

ఆ తర్వాతి సైగలు ఎవరికీ అందలేదు. ఎన్నిసార్లు తిప్పినా అంతే. అప్పటికే సౌజన్య గేటు దాటి గబగబా వస్తున్నది, పెంటయ్యను వెతుక్కుంటూ.

"ఈడ కూచున్నావా అన్నా? ఆ కడాకు చెప్పింది నేను చెప్తా విను. నాకు ముందే తెలుసు." ఆమె కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి. "ఈ గ్రూపు పెట్టల్ల అని వచ్చి అడిగింది మీ పాపే. ఆఫీసోళ్ళతో సరిపోతాది కదమ్మా అంటే ఊహూ, డ్రైవర్లని కూడా చేర్చల్ల, లేకుంటే నేను పాఠాలు చెప్పను అనింది. మీటింగు, ఫైలు అని నేర్పించమంటే అన్నం, అమ్మ, నాన్న అని పెట్టేది. ఇంతమందికి చెప్పిన పాఠాలన్నీ నీ ఒక్కనికోసమే అన్నా. మా నాయన నన్ను ఒక మాట అడగల్లంటే ఆయప్పకు ఏమేం మాటలు కావల్లో లెక్క చూసుకుని, రోజుకొకటి చేతిలో పెట్టుకుంటా వచ్చింది. అదే చెప్పింది కడాకు."

మరుగుతున్న టీ పొంగి పొయ్యి మీద పడింది, చూసిన వాళ్ళు లేరు. దొంగచాటుగా తానొక్కడే నేర్చుకుంటున్నానని మురిసిపోయిన పెంటయ్య నిశ్చేష్టుడై కూర్చున్నాడు. ఇన్ని అంతస్తుల మేడ, ఇన్ని వందల ఫోన్లు, ఆఫీసర్లు, గ్రూపులు, వీటన్నిటినీ కదిలించి ఆ పిల్ల తన తండ్రి దగ్గరికి దారి వేసుకున్నది. అదీ పక్కగదిలో పడుకునే తండ్రి దగ్గరికి! ఇంత చోద్యం ఎక్కడైనా ఉందా? ఆయన కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

సత్తెమ్మ ఆయన భుజం తట్టింది. తలెత్తితే ఎదురుగా పింకీ. మెడలో ఆఫీసు కార్డు అలాగే ఉన్నది. పరుగున వచ్చినట్టుంది, రొప్పుతున్నది. చుట్టూ ఉన్నవాళ్ళు ఎవరూ చెప్పకుండానే వెనక్కి జరిగారు.

పెంటయ్య లేచి నిలబడ్డాడు. క్షమించు అని చెప్పాలనుకున్నాడు, ఆ సైగ నేర్చుకున్నాడు కూడా, సమయానికి చేతికి రాలేదు. పింకీ ఆయన్ని ఏమీ చెప్పనివ్వలేదు. వేలు ఆయన గుండెల వైపు చూపించింది. తన అరచేయి తన గుండె మీద పెట్టి పైకి జరిపింది. కనుబొమ్మలు ఎత్తి, ఆగింది.

నువ్వు?

రేఖ పోయినప్పటి నుంచి ఎంతోమంది ఆయన్ని మంచిగున్నవా అని అడిగారు. అందరికీ మంచిగనే ఉన్న అని చెప్పాడు. నోటికి ఆ మాట అలవాటైపోయింది, ఎవరడిగినా అదే వచ్చేస్తుంది. ఇప్పుడు నోరు పనికిరాదు. చేతులకేమో ఆ అబద్ధం చెప్పడం ఇంకా ఎవరూ నేర్పలేదు. పెంటయ్య తల అడ్డంగా ఊపాడు. ఎడమచేతి వేలు ముక్కు పక్కన ఆనించాడు. లేదు అన్నాడు. ఇంకా చెప్పాలని చేతులు గాలిలో ఆడాయి, మాటలు దొరకలేదు. పింకీ ఆ చేతులు రెండూ పట్టుకుని, వేళ్ళు ఎక్కడ మడవాలో మడిచి, ఎక్కడ చాపాలో చాపి, ఆయన చెప్పాలనుకున్న మాట ఆయన చేతులతోనే చెప్పించింది. ఆ తర్వాత ఇంకో మాట. ఆ తర్వాత ఇంకోటి. చెట్టంత మనిషి నడిరోడ్డు పక్కన వెక్కి వెక్కి ఏడుస్తూ, మధ్యలో తప్పు చేసి నవ్వుతూ, కూతురితో మాట్లాడుతూనే ఉన్నాడు.

సాయంత్రం ట్రిప్పుకు కారు కదలాల్సిన వేళ దాటిపోయింది. మామూలుగా అయితే కాస్త ఆలస్యమైతే చాలు, క్యాబ్ ఎక్కడ, డ్రైవర్ ఎక్కడ అని ఫోన్లు మోగిపోయేవి. ఆ రోజు ఎక్కాల్సిన వాళ్ళంతా గేటు దగ్గరే నిలబడి, ఆ తండ్రీకూతుళ్ళ వైపు చూస్తూ ఉండిపోయారు. ఒక్కరూ ఆ మాట అడగలేదు.